పన్నా? దండుగా? శిక్షా?

మాటకు అర్థం నిర్ణయించడం పండితుల పని అని మనం అనుకుంటాము. 2012 జూన్ 28వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు చేసిన పని కూడా అదే. ఆరోగ్య బీమా లేనివాడు ఆదాయపు పన్నుతో పాటు కట్టవలసిన సొమ్మును ఏమని పిలవాలి? పన్ను అనాలా, అపరాధ రుసుము అనాలా? తొమ్మండుగురు న్యాయమూర్తులు ఈ మాట దగ్గర రెండుగా చీలిపోయారు. అయిదుగురు ఒక వైపు, నలుగురు మరొక వైపు. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పులో మరొక విశేషం ఉన్నది. పన్ను కట్టకముందే దానిపై దావా వేయరాదనే పాత చట్టం విషయంలో ఇది పన్ను కాదు, కనుక దావా వినవచ్చును. పన్నులు విధించడానికి రాజ్యాంగం శాసనసభకు ఇచ్చిన అధికారం విషయంలో మాత్రం ఇది పన్నే, కనుక చట్టం చెల్లును. మన మీమాంసకులు ఉండి ఉంటే తల ఊపేవారు.

(మిత్రులకు ఒక మనవి. దయచేసి బీమా అని రాయండి. భీమా అని రాసేవారు నానాటికీ పెరుగుతున్నారు. అది పారసీకం నుండి మనకు చేరిన మాట. భీమసేనునికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.)

అమెరికా గొడవ ఈ ముసలి పంతులుకు ఎందుకని మీరు అడగవచ్చును. నా దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్లలలో కొందరు ఇప్పుడు న్యూజెర్సీలోనూ కాలిఫోర్నియాలోనూ కాపురాలు చేస్తున్నారు. ఆ రెండు రాష్ట్రాలలో ఈ సొమ్ము ఈనాటికీ వసూలవుతున్నది. అంతేకాదు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవారిలో చదువుకున్నవారే ఒక మాట అంటూ ఉంటారు: "నేను ఆరోగ్యంగా ఉన్నాను. మరొకడి రోగానికి నేనెందుకు కట్టాలి? కట్టనంటే దండుగ వేయడం దౌర్జన్యం కాదా?" ఈ మాట వినడానికి న్యాయంగా తోచును. విడదీసి చూస్తే నిలవదు. దీనిని ఖండించడానికే ఈ టపా.

నా సిద్ధాంతం ముందే చెప్పుతాను. దండుగ వేయడం తప్పు కాదు. వేసే అర్హత సంపాదించుకోకుండా వేయడం తప్పు. ఆ అర్హతనిచ్చే పనులను ఒక్కొక్కటిగా మానివేసి, దండుగనూ తీసివేసి, మిగిలిన శూన్యానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం అంతకంటె పెద్ద తప్పు.

పూర్వపక్షానికి ముందు విషయ పరిచయం

2010 మార్చి 23న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన చట్టాన్ని లోకం ఒబామాకేర్ అని పిలిచింది. అంతకు ముందు ఆ దేశంలో సొంతంగా బీమా కొనబోయినవాడిని చాలా రాష్ట్రాలలో కంపెనీ నిలబెట్టి ప్రశ్నలు వేసేది. మధుమేహం ఉన్నదా? గుండెజబ్బు ఉన్నదా? ఉన్నదంటే పొమ్మనేది, లేదా మోయలేని ధర చెప్పేది. కొత్త చట్టం 2014 జనవరి నుండి ఆ ప్రశ్నలను నిషేధించింది. రోగం ఉన్నా లేకున్నా బీమా అమ్మవలసినదే. రోగి అని ఎక్కువ ధర చెప్పరాదు.

ఇది ధర్మమే. అయితే రోగం వచ్చిన తరువాత అడిగినా ఇస్తారని తెలిస్తే, రోగం రాక ముందు కొనేది ఎవరు? చెరువు పూడిక తీసేనాడు కనబడనివాడు నీరు వదిలేనాడు అందరికంటె ముందు తన పొలం గట్టున నిలబడతాడు. ఊరంతా అలాగే చేస్తే చెరువే ఉండదు. బీమా అంతే. బాగున్నవారు తప్పుకొని రోగులే మిగిలితే ధర పెరుగును. ధర పెరిగితే ఇంకొందరు తప్పుకొందురు. చివరకు ఎవరికీ అందదు.

ఈ పతనానికి అడ్డుకట్టగా వచ్చినదే ఆ సొమ్ము. చట్టం దానికి పెట్టిన ముద్దుపేరు ఉమ్మడి బాధ్యతా చెల్లింపు. 2014లో పెద్దవారికి తలకు 95 డాలర్లు లేదా ఆదాయంలో ఒక శాతం, ఏది ఎక్కువైతే అది. 2015లో 325 డాలర్లు లేదా రెండు శాతం. 2016లో 695 డాలర్లు లేదా రెండున్నర శాతం. పిల్లలకు తలకు సగం. ఆదాయాన్ని లెక్కించేది మొత్తంపై కాదు, పన్ను పత్రం దాఖలు చేయవలసిన కనీస మొత్తానికి పైబడిన దానిపై మాత్రమే. పత్రం దాఖలు చేయనక్కర లేనంత తక్కువ ఆదాయం ఉన్నవారికి దండుగ లేదు. ఎంత చౌక బీమా అయినా ఆదాయంలో సుమారు 8 శాతం మించితే లేదు. ఖాళీ మూడు నెలల లోపయితే లేదు. కట్టనివానిపై క్రిమినల్ కేసు పెట్టరాదనీ, ఆస్తి జప్తు చేయరాదనీ చట్టంలోనే రాశారు. అతనికి తిరిగి రావలసిన రీఫండులో పట్టుకోవడం ఒక్కటే ప్రభుత్వానికి మిగిలిన దారి. దౌర్జన్యం అంటే ఇంత మెత్తగా ఉండునా?

మొదటి ఆక్షేపణ: కొనడం, మానడం నా స్వేచ్ఛ

కారుకు బీమా తప్పనిసరి అన్నప్పుడు ఎవరూ రాజ్యాంగం తీయరు. కారు వద్దనుకున్నవాడు బస్సు ఎక్కవచ్చును, ఒళ్ళు వద్దనుకునే వీలు లేదు గదా అని కొందరు తర్కిస్తారు. సరిగ్గా ఆ కారణం చేతనే నేను వారితో విభేదిస్తాను. బండి లేనివాడు ఉంటాడు, ఒళ్ళు లేనివాడు ఉండడు. ఒళ్ళు ఉన్నవాడికి ఏదో ఒకనాడు ఆసుపత్రి తప్పదు.

ఆ నాడు ఏమగును? 1986లో అధ్యక్షుడు రీగన్ కాలంలో వచ్చిన చట్టం ప్రకారం, ప్రాణాపాయంతో వచ్చినవాడిని డబ్బు లేదని అమెరికా ఆసుపత్రి వెళ్ళగొట్టరాదు. పరీక్షించాలి, ప్రమాదం తప్పించాలి. మానవత్వం గల చట్టం. ఆ ఖర్చు మాత్రం ఆకాశం నుండి రాదు. ఆసుపత్రి దానిని ఇతరుల బిల్లులలోకో ప్రభుత్వ ఖజానాలోకో నెట్టును, లేదా ఆ రోగి ఇల్లు అప్పులలో మునుగును. కనుక బీమా లేనివాడు తన ఖర్చు తానే భరించే స్వతంత్ర వీరుడు కాడు. చెప్పకుండా ఇతరుల పూచీకత్తుపై నడుస్తున్నవాడు. ఎవరూ పూచీ పడవద్దు, వాకిట్లో పడిపోయినా నన్ను లోపలికి తీసుకోవద్దు అని రాసి ఇచ్చినవాడే స్వేచ్ఛావాది. అట్లా రాసి ఇచ్చినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

రెండవ ఆక్షేపణ: ఇంకొకరి రోగానికి నేను కట్టను

అమెరికాలో జీతం తీసుకొనే ప్రతి తెలుగువాడూ ఇంకొకరి రోగానికి ఇప్పటికే కడుతున్నాడు. వృద్ధుల వైద్యం కోసం ఏర్పడిన మెడికేర్‌కు అతని జీతంలో నూటికి 1.45 వంతు కోసుకుంటారు. అంతే మొత్తం యజమాని కూడా కట్టును. అది చీటీలో ఒక గడి కనుక కంటికి ఆనదు. ముందే కోసుకుంటే చందా, తరువాత అడిగితే దౌర్జన్యమా? మా పింఛనుదారుల ఆరోగ్య పథకానికి నా పింఛనులోనూ నెలనెలా కొంత కోత పడుతున్నది. నన్ను ఎవరూ బానిస అనలేదు.

ఇంకొకటి వినండి. ఆ మెడికేర్‌లోనే, వైద్యుల ఖర్చుకు సంబంధించిన 'బి' భాగంలో, వేరే తగిన బీమా లేకుండా చేరడం ఆలస్యం చేసినవారికి పూర్తి పన్నెండు నెలలకు పది శాతం చొప్పున ప్రీమియం పెరుగును. అది ఒక ఏడాదితో పోదు. ఆ బీమా ఉన్నన్నాళ్ళూ ఉండును. ముసలివారిపై ఈ యావజ్జీవ దండుగను స్వేచ్ఛావాదులెవరూ రద్దు చేయలేదు. ఏలనగా అందరూ కలిసి కట్టకపోతే ఆ పథకం నిలవదని వారికీ తెలియును. 65 ఏళ్ళవారికి ధర్మమైనది 30 ఏళ్ళవారికి అధర్మం ఎట్లా అగును?

గ్రీన్ కార్డుపై తల్లిదండ్రులను పిలిపించుకున్న మన పిల్లలు ఈ విషయం మరీ ఆలోచించాలి. ఆ ముసలివారికి మెడికేర్ కొనుక్కొనే వీలైనా కలగాలంటే అయిదేళ్ళు ఆ దేశంలో నివసించాలి. ఆ లోపల, రక్తపోటూ చక్కెరా ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషికి బీమా దొరకడమన్నది 2014 తరువాతి సంగతి. ఇంకొకరి రోగానికి నేను కట్టనని రాసే వేళ్ళు, తన నాన్నగారి రోగానికి ఎవరో కడుతున్నారని మరచిపోతున్నవి.

మూడవ ఆక్షేపణ: ఇది వామపక్షుల కుట్ర

ఈ మాట చెప్పేవారికి చరిత్ర తెలియదు. ప్రతి కుటుంబమూ బీమా కలిగి ఉండాలనే ప్రతిపాదనను 1989లో ముందుకు తెచ్చినది హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంప్రదాయవాద సంస్థ. 1993లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ ఛేఫీ తెచ్చిన బిల్లులో ఆ నియమం ఉన్నది. 2006లో మసాచుసెట్స్‌లో దానిని చట్టం చేసినవాడు రిపబ్లికన్ గవర్నరు మిట్ రామ్నీ. 2008 ఎన్నికల వేళ హిల్లరీ క్లింటన్ ఈ నియమం కావాలంటే, వద్దన్నవాడు ఒబామా! తరువాత ఇరుపక్షాలూ స్థానాలు మార్చుకున్నాయి. ఒక ఆలోచన మంచిదా చెడ్డదా అన్నది దానిని ఎవరు ఎత్తుకున్నారన్న దానిపై ఆధారపడినప్పుడు, అది చర్చ కాదు, కోడిపందెం.

నాల్గవ ఆక్షేపణ: తీసివేశారు గదా, కొంప మునిగినదా?

ఇది గట్టి ప్రశ్న. గట్టిగానే సమాధానం చెప్పాలి.

2017 డిసెంబరు 22న అధ్యక్షుడు ట్రంప్ సంతకంతో వచ్చిన పన్నుల చట్టం ఈ దండుగను 2019 నుండి సున్నా చేసింది. నియమం పుస్తకంలో అలాగే ఉన్నది, దండుగ మాత్రం సున్నా. ఆ సున్నాను చూపి మొత్తం చట్టాన్నే కొట్టివేయమని టెక్సాస్ తదితర రాష్ట్రాలు వేసిన దావాను, మీకు జరిగిన నష్టమేమీ లేదు గనుక దావా వేసే అర్హత లేదంటూ 2021 జూన్ 17న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

దండుగ పోయినా బీమా విపణి కూలలేదు. నిజమే. 2020లో సుమారు 1 కోటి 14 లక్షల మంది ప్రభుత్వ విపణిలో బీమాకు పేరు నమోదు చేసుకోగా, 2025 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 40 లక్షలు దాటింది. కారణం ఏమిటి? ప్రీమియంలో ప్రభుత్వం భరించే వాటాను 2021లో బాగా పెంచారు. 2022లో ఆ పెంపును పొడిగించారు. అంటే సామ దాన భేద దండాలలో దండం పోయిన చోట దానం నిలబెట్టింది. దండం కంటె దానం బలమైనదని నేను సంతోషంగా అంగీకరిస్తాను.

అయితే ఆ దానం ఏమైనది? 2025 డిసెంబరు 31తో ఆ పెంపు గడువు తీరిపోయినది. దానిని పొడిగించాలా వద్దా అన్న తగవులో ఆ ఏడాది అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు ప్రభుత్వ కార్యాలయాలే మూతపడ్డాయి. తెరిచారు గాని పెంపు మాత్రం గడువులోగా పొడిగించలేదు. 2026లో ఒంటరి మనిషికి ఏడాది ఆదాయం 62,600 డాలర్లు దాటితే సహాయం అసలే లేదు. దండం పోయిననాడు దానం ఉన్నది గదా అన్నవారు, ఇప్పుడు దానమూ పోతే దేనిని చూపిస్తారు?

సామం సంగతి

ఇందులో నాకు అన్నిటికంటె ముఖ్యమైన భాగం ఇది. జీవితమంతా పాఠం చెప్పి బతికినవాడిని గనుక అట్లా తోచుతున్నదేమో.

2015 సంవత్సరానికి గాను సుమారు 65 లక్షల పన్ను పత్రాలలో జనం ఈ దండుగ కట్టారు. సగటున 470 డాలర్లు. ఆ తరువాత అమెరికా పన్నుల శాఖ ఒక పని చేసింది. దండుగ కట్టిన 39 లక్షల కుటుంబాలకు ఉత్తరాలు రాసింది. మీరు దండుగ కట్టారు, మళ్ళీ కట్టవలసి రావచ్చును, బీమా ఇక్కడ దొరకును, ఇట్లా చేరవచ్చును అని అందులో ఉన్నది. అందరికీ రాయడానికి డబ్బు చాలలేదు. సుమారు 6 లక్షల కుటుంబాలకు ఉత్తరం వెళ్ళలేదు. ఎవరికి పంపాలో ఎవరికి మానాలో లాటరీ పద్ధతిన తేల్చారు.

తరువాత ఆర్థికవేత్తలు ఆ రెండు గుంపులనూ పోల్చి చూశారు. ఉత్తరం అందినవారు ఎక్కువగా బీమాలో చేరారు. అంతటితో ఆగలేదు. అంతకు ముందు బీమా లేని 45 నుండి 64 ఏళ్ళవారిలో, ఉత్తరం వెళ్ళిన ప్రతి 1,648 మందికి ఒక మరణం తగ్గినదని తేలింది. కేవలం ఒక ఉత్తరం! మందు కాదు, శస్త్రచికిత్స కాదు. ఒక కాగితం, ఒక కవరు.

ఆ ఉత్తరంలో దండుగ ప్రస్తావన ఉన్నది గనుకనే జనం చదివారని దండవాదులు అనవచ్చును. కావచ్చును. కాని దండుగ వారంతా అంతకుముందే కట్టి ఉన్నారు. దండుగ ఒక్కటే చేయలేని పని, దండుగతో పాటు మంచిమాట చేరినప్పుడు జరిగింది. ఇక్కడ నాకు కోపం వచ్చేది ఏమంటే, ఇంత చవుకైన మంచిమాటను కూడా వారు భరించలేకపోయారు. 2017 ఆగస్టు చివరలో, బీమాలో చేరండని ప్రచారం చేసే ఖర్చును పది కోట్ల డాలర్ల నుండి ఒక కోటికి కుదించారు. సామం అట్లా పోయినది.

నా పూర్వవిద్యార్థి ఒకడు కాలిఫోర్నియాలో ఉంటాడు, గ్రీన్ కార్డు ఉన్నవాడు. 2023లో ఉద్యోగం పోయింది. దానితో బీమా పోయింది. పాత బీమానే కొనసాగించుకోవాలంటే యజమాని వాటా కూడా కలిపి మొత్తం తానే కట్టాలన్నారు. అతని వల్ల కాలేదు. అయిదు నెలలు ఖాళీగా ఉన్నాడు. మరుసటి ఏడాది పన్ను పత్రంలో రాష్ట్రం దండుగ వేసింది. ఫోనులో అన్నాడు: "మాస్టారూ, ఉద్యోగం పోయినందుకు బీమా తీసేశారు. బీమా లేనందుకు పన్ను వేశారు. ఇందులో నేను చేసిన తప్పేమిటండీ?" ఉద్యోగం పోయిన అరవై రోజులలో రాష్ట్ర విపణిలో చేరవచ్చుననీ, ఆదాయం తగ్గింది గనుక సహాయం కూడా దొరకవచ్చుననీ అతనికి గడువు దాటిన తరువాత తెలిసింది. దండుగ లెక్క మాత్రం పత్రంలో తప్పకుండా వచ్చింది. మంచిమాట చేరని ఇంటికి దండుగ చేరడం అధర్మం. ఆ దండుగను నేను సమర్థించను.

మిగిలినది భేదం

దండుగ దేశం మొత్తానికి పోయినా కొన్నిచోట్ల ఉన్నది. మసాచుసెట్స్ తన పాత దండుగను నిలుపుకున్నది. న్యూజెర్సీ, రాజధాని వాషింగ్టన్ 2019 నుండి, కాలిఫోర్నియా, రోడ్ ఐలండ్ 2020 నుండి సొంతంగా విధిస్తున్నాయి. కాలిఫోర్నియాలో 2024 సంవత్సరానికి ఏడాదంతా బీమా లేనివాడికి తలకు కనీసం 900 డాలర్లు.

ఇప్పుడు మరొక చట్టం చూడండి. 2025 జూలై 4న సంతకమైన దాని ప్రకారం, 2027 జనవరి నుండి కేంద్రపు ప్రీమియం సహాయం గ్రీన్ కార్డువారికీ మరికొన్ని చిన్న వర్గాలకూ తప్ప ఇతర వలసదారులకు అందదు. హెచ్-1బి వీసాపై సక్రమంగా పన్ను కట్టి బతికేవాడు బయట, ప్రాణభయంతో శరణు పొందినవాడు బయట. అతను కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉంటే బీమా నియమం మాత్రం అతనికీ వర్తించును. ధర మోయలేనంత ఉంటే మినహాయింపు ఉన్నదనుకోండి. దానిని తెలుసుకొని, పన్ను పత్రంతో పాటు అడిగి పుచ్చుకోవాలి. బాధ్యత ఉమ్మడి, సహాయం మాత్రం కొందరిది. దీనిని ఉమ్మడి బాధ్యత అనడం భాషకు చేసిన ద్రోహం.

మన దేశం తీరు చెప్పకపోతే పక్షపాతం అగును. అక్కడ బీమా కొనకపోతే పన్ను వేశారు. ఇక్కడ 2017 జూలై నుండి 2025 సెప్టెంబరు 21 వరకు, సొంత డబ్బుతో ఆరోగ్య బీమా కొన్నవాడిపై నూటికి 18 చొప్పున జీఎస్టీ వేశారు! బాధ్యత గుర్తెరిగి ముందుకు వచ్చినవాడికి ఎనిమిదేళ్ళు ఇది బహుమానం. 2024 జూలైలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారే దానిని తీసివేయమని ఆర్థికమంత్రి గారికి లేఖ రాశారు. చివరకు తీసివేశారు, సంతోషం. వారిని చూసి మనం నవ్వడానికి మాత్రం వీలు లేదు.

ఉపసంహారం

దండుగ అనే మన మాటకు నిఘంటువులలో రెండు అర్థాలు ఉన్నవి. తప్పుకు కట్టే సొమ్ము ఒకటి, వృథా ఖర్చు మరొకటి. మొదటి అర్థం రెండవ దానిలోకి జారిపోకుండా కాపాడేది సామమూ దానమూ మాత్రమే. ఆ రెండూ లేనప్పుడు కట్టినవాడికీ దండుగే, వసూలు చేసినవాడికీ దండుగే.

శిక్ష అన్న మాట సంగతి ఇంకా విచిత్రం. సంస్కృతంలో అది మొదట చదువు. వేదాంగాలలో శిక్ష ఒకటి, తైత్తిరీయోపనిషత్తులో మొదటి వల్లి పేరు శీక్షావల్లి. తెలుగులో అది క్రమంగా దండన అయినది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఉన్నవాడిగా నాకు ఆ రెండు అర్థాల మధ్య దూరం తెలియును. పాఠం చెప్పకుండా బెత్తం తీసిన పంతులును పిల్లలు క్షమించరు. పాఠమూ మాని, బెత్తమూ పారవేసి, మీకు స్వేచ్ఛ ఇచ్చాను పొండి అన్న పంతులును వారి తల్లిదండ్రులు క్షమించరు. అమెరికా మొదటి పంతులుగా మొదలై రెండవ పంతులుగా మారుతున్నది.

విజ్ఞులైన మిత్రులు, ముఖ్యంగా ఆ దేశంలో ఉండి ఈ సొమ్ము కట్టినవారు, నన్ను ఖండించదలిస్తే వ్యాఖ్యలలో తప్పక ఖండించండి. అంకెలతో ఖండించండి. "నా ఆరోగ్యం నా ఇష్టం" అన్న ఒక్క వాక్యంతో మాత్రం కాదు. దానికి సమాధానం పైన చెప్పి ఉన్నాను.

స్వస్తి.